ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు: ఇంటి ముంగిట ఎంత, షెడ్డులో ఎంత

కర్నూలు నుంచి కడప దాకా నాలుగు వరుసల రోడ్డు మీద కారు బ్రేకులకు పెద్ద పని ఉండదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటేవరకు టోల్‌గేటు దగ్గరో, గొర్రెలమంద అడ్డం వచ్చినప్పుడో తప్ప పెడల్ మీద కాలు పడదు. అదే 40వ నంబరు జాతీయ రహదారి కడప దాటి రాయచోటి దారి పట్టాక గువ్వలచెరువు ఘాటు వస్తుంది. ఎక్కేటప్పుడు శ్రమంతా ఇంజనుది. తిరుగు ప్రయాణంలో గువ్వలచెరువులో పాలకోవా కట్టించుకుని, ఇంటిల్లిపాదీ ఎక్కిన కారు మలుపు మలుపుకూ బ్రేకు కొడుతూ కడప వైపు దిగుతుంటే, ఆ బరువులో ఎక్కువ భాగాన్ని నిలబెట్టేవి ముందు చక్రాల్లోని నాలుగు ప్యాడ్లు. ఈ ఘాటులో బ్రేకులు ఫెయిలైన లారీల వార్తలు కడప వాళ్లకు కొత్త కాదు.

ఆ ప్యాడ్లు అరిగిపోతే ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? తెలుగు వీడియోలు చూసి, నాలుగు పానాలు కొనుక్కున్న కారు యజమానులు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. గంటలో అయిపోయే పని అని కొందరంటారు. బ్రేకుల జోలికి మెకానిక్ తప్ప ఇంకొకరు పోకూడదని మరికొందరంటారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఓపిక, శుభ్రత ఉన్న మనిషికి ఇది చేతనయ్యే పనే. కూలీ మిగులుతుందని మాత్రమే దిగితే లాభం లేదు, ఎందుకంటే చిన్న కారుకు ఆ కూలీ వందల్లోనే ఉంటుంది. రద్దీగా ఉండే షెడ్డులో ఎవరికీ తీరిక దొరకని ఒక అరగంటను చక్రం వెనక భాగాలను చూడటానికి, తుడవటానికి పెట్టగలగడమే ఇంట్లో చేసుకోవడంలో అసలు లాభం. సీమ రోడ్ల మీద తిరిగే బండికి ఆ అరగంట చాలా అవసరం.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. నంద్యాల, కర్నూలు ఎండలకు బ్రేకులు పాడవుతాయని మనవైపు గట్టి నమ్మకం. నడివేసవిలో 45 డిగ్రీల ఎండ మనుషుల్ని చంపేంతటిది, నిజమే. బ్రేకు డిస్కుకు మాత్రం అది లెక్కలోకి రాదు. ఒక చిన్న లెక్క చూడండి. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు 200 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, బ్రేకులో ఇంజనో మింగాల్సిన శక్తి సుమారు 23.5 లక్షల జౌళ్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆగితే పుట్టే వేడికి ఇది దాదాపు ఐదింతలు. ఇంజను సాయం లేకుండా బ్రేకుల మీదే దిగి, అందులో 70 శాతం ముందు చక్రాలదే అనుకుందాం. రెండు ముందు డిస్కులూ కలిపి తొమ్మిది పది కిలోల పోత ఇనుము అనుకుంటే, గాలికి చల్లారే వేడిని పక్కన పెట్టి చూస్తే వాటి ఉష్ణోగ్రత 350 నుంచి 400 డిగ్రీల దాకా పెరగాలి. గాలి తగులుతుంది కాబట్టి నిజంగా అంత పెరగదు. అయినా బ్రేకును కాల్చేది ఘాటేనని తెలియడానికి ఈ లెక్క చాలు.

అందుకే పెట్రోలు మిగులుతుందని ఘాటులో న్యూట్రల్‌లో వదిలే అలవాటు ప్రాణాంతకం. ఇంజను ఆపేసి దిగేవాళ్లు ఇంకా పెద్ద ముప్పులో ఉంటారు. పెడల్‌కు బలమిచ్చే బూస్టరు ఇంజను వాక్యూమ్ మీద నడుస్తుంది. ఇంజను ఆగాక రెండు మూడు సార్లు తొక్కేసరికి ఆ సాయం అయిపోయి పెడల్ బండబారుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటను కొత్త ప్యాడ్లు వేసుకున్నవాళ్లు కూడా మరవకూడదు. తిరుమల రోడ్లే చూడండి. 1944లో తెరిచిన మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. వేగాన్ని అదుపులో పెట్టడానికి దేవస్థానం వాహనాలకు కనీస ప్రయాణ సమయం పెట్టింది. ఎక్కడానికి 28 నిమిషాలైతే దిగడానికి 40. దిగడానికే ఎక్కువ సమయం ఎందుకో బ్రేకుల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమలలో శ్రీశైలం పోయే కర్నూలు వాళ్లకూ, నంద్యాల నుంచి గిద్దలూరు వైపు అడవి దాటేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇక ప్యాడ్ సంగతి. ఉక్కు పలక మీద అతికించిన ఆ నల్లటి ముద్దలో ఏముంటుందో మనలో చాలామందికి తెలియదు. అందులో మన జిల్లాల వాసన ఉంది. ఫినాలిక్ రెజిన్ అనే జిగురు, ఉక్కు పీచో అరామిడ్ పీచో, గ్రాఫైటు, గరుకు పొడులు, జీడిపిక్కల పెంకు నూనెతో తయారైన ఒక రకం పొడి, వీటికి బరువూ నిండుదనమూ ఇచ్చే బెరైటీస్, అన్నీ కలిపి వేడిలో నొక్కితే ప్యాడ్ అవుతుంది. ఆ బెరైటీస్‌నే మనం ముగ్గురాయి అంటాం. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట గనులు ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. అక్కడి రాయిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది. అదే ఖనిజం బ్రేకు ప్యాడ్లకూ వేడికి చెదరని నింపుడు సరుకు.

కడపకు ఇంకో సంబంధం కూడా ఉంది, ఇది అంత మంచిది కాదు. పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల రాతినార (ఆస్‌బెస్టాస్) గనులు తవ్వారు. అక్కడ దొరికేది క్రిసోటైల్ రకం. వేడికి కాలదు, పీచులా సాగుతుంది, చవక. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ప్రపంచమంతా బ్రేకు లైనింగుల్లో రాతినార వాడింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కూడా క్యాన్సర్ తెస్తుంది. దాని అన్ని రకాలూ మనిషికి క్యాన్సర్ కలిగించేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. రాతినార కార్మికుల ఆరోగ్యం వారి ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఐరోపా సమాఖ్య 2005 నాటికి వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో క్రిసోటైల్ వాడకం మీద పూర్తి నిషేధం ఇప్పటికీ లేదు. పేరున్న కంపెనీల ప్యాడ్ల పెట్టెల మీద ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉంటుంది. ఏ పేరూ లేకుండా ప్లాస్టిక్ కవరులో వచ్చే సరుకు గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ విషయంలో నాది గట్టి మాట. బ్రేకు దుమ్మును నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే కొట్టొద్దు. తడి గుడ్డతోనో బ్రేకు క్లీనర్ స్ప్రేతోనో తడిపి తుడవాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి. షెడ్లలో గాలి పైపు పెట్టి డ్రమ్ముల దుమ్ము లేపే కుర్రవాళ్లను చూసినప్పుడల్లా నాకు పులివెందుల గుర్తొస్తుంది.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి, ఈ నేల బ్రేకులకు చేసే అసలు హాని ఇక్కడే చెప్పాలి. సముద్ర తీరంలో ఉప్పుగాలికి, ప్యాడ్లను డిస్కు మీద నొక్కే కాలిపర్లు తుప్పుపడతాయి. మనకు ఆ బెడద తక్కువ. మన బెడద సన్నటి రాతిపొడి. బేతంచెర్ల బండల లారీలు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల బండ్లు, నాపరాళ్ల గనుల రోడ్లు లేపే పొడి చక్రాల సందుల్లో దూరుతుంది. చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఒకే పిస్టన్ ఉన్న కాలిపర్. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది. కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి వెలుపలి ప్యాడ్‌ను లాగుతుంది. ఆ పిన్నులకు రబ్బరు తొడుగులుంటాయి. తొడుగు పగిలితే రాతిపొడి లోపలికి పోయి గ్రీజు గట్టిపడుతుంది. పిన్ను బిగుసుకుంటే కాలిపర్ జరగదు. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును రాస్తూనే ఉంటుంది. అరుగుదల, వేడి, మైలేజీ తగ్గడం, అన్నీ అక్కడి నుంచే.

ఎప్పుడు మార్చాలి? మామూలు వాడకంలో ముందు ప్యాడ్లు 30,000 నుంచి 60,000 కిలోమీటర్ల దాకా వస్తాయి. తరచూ ఘాట్లు తిరిగే బండికి ఆ లెక్క పనికిరాదు. కిలోమీటర్లను నమ్ముకోకుండా మందం చూడాలి. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. కొన్ని ప్యాడ్లకు చిన్న రేకు ఉంటుంది. పదార్థం అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. అన్నింటికీ ఆ రేకు ఉండదు కాబట్టి శబ్దం కోసం కాచుకుని కూర్చోకూడదు. గరగరమని ఇనుము మీద ఇనుము రాసే చప్పుడు వచ్చిందంటే డిస్కుకు కూడా కాలం చెల్లిందనే అర్థం. బ్రేకాయిల్ డబ్బాలో మట్టం మెల్లగా తగ్గుతుంటే కారడమే కారణం కానక్కర్లేదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వచ్చి ఆయిల్ అక్కడ నిలుస్తుంది. అందుకని పైన ఆయిల్ పోసి ఊరుకోకుండా ముందు ప్యాడ్లు చూడాలి.

పనికి దిగేముందు కింద నేల చూడాలి. మన ఇళ్ల ముందు కడప బండలు పరుస్తారు. చాలా చోట్ల ఆ బండ కింద ఇసుకో మట్టో ఉంటుంది, ఎక్కడైనా కుంగితే లోపల డొల్ల. కారు బరువు జాకీ కాలి మీద ఒకే చోట పడితే బండ పగిలి జాకీ ఒరుగుతుంది. నున్నటి బండ మీద జాకీ జారనూవచ్చు. నల్లరేగడి నేలైతే జాకీ దిగబడుతుంది. ఏ నేలకైనా జాకీ కింద వెడల్పాటి మందపు చెక్క వేయాలి. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద చెయ్యి పెట్టకూడదు. స్టాండు పెట్టాలి, ఊడదీసిన చక్రాన్ని కూడా బాడీ కిందికి తోసి ఉంచాలి. ముందు చక్రాల పని కాబట్టి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టి ఉంచుతుంది, అది ఒక వెసులుబాటు. అయినా వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరులో ఉంచాలి. చక్రం నట్లు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి.

ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పాలి. ఎక్కడ ఏ క్లిప్పు ఉందో అనుమానం వస్తే చూసుకోవడానికి అవతలి చక్రం అలాగే ఉంటుంది. మార్చడం మాత్రం ఎప్పుడూ రెండు పక్కలా కలిపే, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పితే చాలా కార్లలో ప్యాడ్లు కనిపిస్తాయి. పూర్తిగా తీయాల్సి వస్తే బైండింగ్ వైరుతో స్ప్రింగుకు వేలాడదీయాలి. రబ్బరు గొట్టం మీద బరువు వేయకూడదు.

పాత ప్యాడ్లు చేతికి వచ్చాక తొందరపడకుండా నాలుగింటినీ వరుసగా పెట్టి చూడాలి. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. లోపలి ప్యాడ్ బాగా అరిగి వెలుపలిది మిగిలితే పిన్నులు బిగుసుకున్నాయో, పిస్టన్ వెనక్కి పోవడం లేదో. ఒకే ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఉంటే కాలిపర్ వంకరగా కూర్చుంటోంది, అక్కడా పిన్నులనే అనుమానించాలి. ఎడమ చక్రానివి అరిగి కుడివి మిగిలితే ఒక వైపు బ్రేకు సరిగా పనిచేయడం లేదని అర్థం. ఉపరితలం అద్దంలా మెరుస్తుంటే బాగా కాలాయి. పొడవాటి గాడి ఉంటే రాయి పలుకు దూరింది. ప్యాడ్ల మీద రాసి ఉన్న ఈ సంగతులు చదవకుండా చెత్తబుట్టలో పడేసి కొత్తవి తొడిగితే, కొత్తవీ అదే దారి పడతాయి.

అందుకే ఇప్పుడు పిన్నులు. మెల్లగా తిప్పుతూ లాగితే తొడుగుల్లోంచి బయటికి వస్తాయి. పాత గ్రీజు నల్లటి మైనంలా పట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచి, రంధ్రంలో కూడా శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి వేలితో తోస్తే అడ్డం లేకుండా లోపలికి జారాలి. మామూలు చాసిస్ గ్రీజు రాయొద్దు, అది ఈ రబ్బరును ఉబ్బించి పిన్నును మళ్లీ బిగిస్తుంది. తొడుగు చిట్లి ఉంటే మార్చాలి, దాని ధర ఎంతో ఉండదు. ప్యాడ్ చెవులు కూర్చునే గాళ్లను వైర్ బ్రష్షుతో గీకాలి. ఈ ఒక్క పని బాగా చేసినవాడు షెడ్డు కంటే మంచి పని చేసినట్టే.

పిస్టన్‌ను వెనక్కి నెట్టడం గురించి రెండు వాదాలున్నాయి. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంపుతో మెల్లగా నొక్కితే చాలని ఎక్కువమంది అంటారు. కాలిపర్‌లోని మురికి ఆయిల్ ఏబీఎస్ యూనిట్‌లోకి పోకూడదని, బ్లీడర్ స్క్రూ వదులు చేసి ఆయిల్‌ను బయటికి వదలాలని కొందరంటారు. మన దేశంలో 2019 ఏప్రిల్ తర్వాత తయారైన ప్రతి కారులోనూ ఏబీఎస్ ఉంటుంది కాబట్టి ఈ మాటను తీసిపారేయలేం. నా తీర్పు మాత్రం మొదటి వైపే. బ్లీడర్ విప్పితే గాలి చొరబడుతుంది. గాలి తీయడం ఇంట్లో కొత్తగా నేర్చుకునేవాళ్ల పని కాదు. బ్రేకాయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించే బండిలో ఆ మురికి భయమూ ఉండదు. క్లాంపు బిగించేముందు పైన డబ్బా మూత తీసి చూడాలి. మట్టం పొంగుతుంటే కొత్త సిరంజీతో కొంత లాగేయాలి. ఆ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లు పోయాలి.

ఆయిల్ గురించి ఇంకొక మాట. డాట్ 3 రకం బ్రేకాయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. గాలిలోని తేమను పీల్చుకుని అందులో నీరు 3.7 శాతానికి చేరితే అవి 140, 155కు పడిపోతాయి. మన పొడి గాలిలో తేమ మెల్లగా చేరుతుంది, చేరకుండా మాత్రం ఉండదు. పాత ఆయిల్‌తో ఘాటు దిగితే అది మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ప్యాడ్లు ఎంత ఖరీదైనవి వేసినా దీనికి మందు కాదు.

డిస్కుల విషయంలో కూడా అభిప్రాయభేదాలున్నాయి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులను లేత్ పట్టించాలని చాలామంది మెకానిక్‌లు చెబుతారు. కనీస మందం ఎంతో డిస్కు మీదే పోసి ఉంటుంది. గాళ్లు లోతుగా లేకుండా, పెడల్ అదరకుండా ఉన్న డిస్కును లేత్ పట్టించడం, ఉన్న ఇనుమును ఊరికే పోగొట్టుకోవడమే. పలచబడిన డిస్కు ఘాటులో ఇంకా త్వరగా వేడెక్కుతుంది. పెడల్ అదిరితే డిస్కు వంగిందంటారు. చాలాసార్లు జరిగేది, కాలిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద అక్కడక్కడ అంటుకుని మందం ఎగుడుదిగుడు కావడం. ఘాటు దిగి, బాగా కాగిన డిస్కుతో సిగ్నల్ దగ్గర పెడల్ నొక్కి నిలబడితే అలా అవుతుంది. వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టించడం కూడా మానుకోవాలి.

అన్నీ బిగించాక, ఇంజను వేసి బండి కదిలించకముందే పెడల్‌ను పదే పదే తొక్కాలి. పిస్టన్లు వెనక్కి నెట్టాం కాబట్టి మొదట పెడల్ నేలకు తగులుతుంది, బ్రేకు పడదు. ఇది మరచి గేరు వేసినవాళ్లు ఎదురుగా ఉన్న గోడను గుద్దుతారు. పెడల్ గట్టిపడి, డబ్బాలో మట్టం సరిచూసుకున్నాకే కదలాలి. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించాలి. చిన్న కార్ల మాన్యువళ్లలో బిగింపు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ మాన్యువల్‌లోని అంకెనే పాటించాలి. తర్వాత తెల్లవారుజామున ఖాళీగా ఉన్న రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు ఒక ఎనిమిది పది సార్లు, పూర్తిగా ఆగకుండా తగ్గించాలి. ఆపైన కొంతదూరం బ్రేకు వాడకుండా నడిపి చల్లారనివ్వాలి. కొత్త ప్యాడ్ డిస్కుకు పదును కుదిరేది అలాగే. కొత్త ప్యాడ్లతో మొదటి ప్రయాణమే తిరుమలకో శ్రీశైలానికో పెట్టుకోవద్దు.

ఇంట్లో చేయకూడనివి కూడా ఉన్నాయి. పిస్టన్ దగ్గర తడి కనిపించినా, రబ్బరు గొట్టం ఉబ్బినా, పగిలినా, పిస్టన్ వెనక్కి పోకుండా మొరాయించినా, ఏబీఎస్ దీపం వెలిగినా, చక్రాలు మళ్లీ బిగించి షెడ్డుకే పోవాలి. వెనక చక్రాల్లో ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్ల వెనక ప్యాడ్లను స్కానర్ లేకుండా ముట్టుకోకూడదు. అంబాసిడర్, పద్మిని కాలంలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి, వాటి షూలు మార్చడానికి మేస్త్రీ చెయ్యే కావాలి. ఇప్పటికీ చాలా చిన్న కార్ల వెనక చక్రాలకు డ్రమ్ములే. ముందు డిస్కులు సులువని వాటిలోనూ చెయ్యి పెట్టేస్తే స్ప్రింగుల అమరికలో చిక్కుకుంటారు.

అందరూ పానా పట్టాలని నేననను. షెడ్డులో చేయించుకునేవాళ్లు కూడా దగ్గర నిలబడి మూడు అడగవచ్చు. పెట్టె సీలు మన ముందే విప్పమనాలి. పిన్నులు బయటికి తీసి గ్రీజు రాయమనాలి, అదనంగా వంద అడిగితే సంతోషంగా ఇవ్వాలి. పాత ప్యాడ్లు నాలుగూ మన చేతికి ఇమ్మనాలి, అవి ఎలా అరిగాయో మనమే చూసుకోవచ్చు. ఎవరు మార్చినా ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చక్రం నట్లు, బ్రేకాయిల్ మట్టం సరిచూడాలి. కాసేపు నడిపి ఆపాక చెయ్యి దగ్గరగా పెట్టి, తాకకుండా, రెండు ముందు చక్రాల వేడి సమానంగా ఉందో లేదో గమనించాలి. ఒకటి ఎక్కువ కాగుతుంటే ఆ వైపు పిన్నులను మళ్లీ తీసి చూడాలి.